టెలోమియర్లు, ముదిమి, మన పళ్లెం: నాలుగు ఆహార మార్గాల పోలిక

నలభై దాటినవారికి తిరుపతిలో ఆహార సలహాలకు కొదవ లేదు. ఒకరు ఆలివ్ నూనె కొనమంటారు, మరొకరు రాత్రి భోజనం మానెయ్యమంటారు, ఇంకొకరు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి చూపిస్తారు, ఇంట్లో పెద్దవారు మాత్రం సంగటి తినమని ముప్పై ఏళ్లుగా చెబుతున్నదే చెబుతూ ఉంటారు. ఇటీవల వీరిలో మొదటి ముగ్గురి నోటా ఒకే మాట వినిపిస్తోంది: టెలోమియర్. ఈ నాలుగు మార్గాల్లో దేనికి ఎంత ఆధారం ఉందో, ఏది ఎవరికి సరిపోతుందో తేల్చుకోలేక ఆగిపోయిన పాఠకుల కోసం ఈ పోలిక రాస్తున్నాను.

ముందుగా ఆ మాట సంగతి. మన కణాల్లోని ప్రతి క్రోమోజోమ్‌కు రెండు కొనల్లోనూ ఒకే డీఎన్ఏ వరుస వేలసార్లు తిరిగి తిరిగి వస్తుంది. ఆ కొననే టెలోమియర్ అంటారు. పంచె అంచు పీచులుగా విడిపోకుండా కుట్టిన కుట్టులాగా అది లోపలి జన్యువులను కాపాడుతుంది. కణం విభజన చెందిన ప్రతిసారీ ఆ కొన కాస్త తరుగుతుంది. మరీ కురచైతే కణం ఇక విభజన చెందలేదు, ముదిమితో టెలోమియర్‌ను ముడిపెట్టేది అందుకే. పుట్టినప్పుడు సుమారు పది వేల బేస్ జతల (డీఎన్ఏ నిచ్చెనలో ఒక్కో మెట్టు ఒక్కో జత) పొడవున్న ఈ కొన, రక్తంలోని తెల్లకణాల్లో పెద్దయ్యాక ఏడాదికి సగటున 20 నుంచి 40 జతల చొప్పున తగ్గుతుంది. తరిగిన కొనను మళ్లీ పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమును 1980లలో కనుగొన్న కృషికి, టెలోమియర్లు క్రోమోజోమ్‌లను ఎలా కాపాడతాయో చూపినందుకు, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

ఆహారానికీ దీనికీ సంబంధం ఎక్కడ? టెలోమియర్ వరుసలో గ్వానిన్ అనే భాగం ఎక్కువగా ఉంటుంది, ఆక్సీకరణ దెబ్బకు డీఎన్ఏలో అన్నిటికంటే ముందు లొంగేది అదే. శరీరంలో నివురుగప్పిన నిప్పులా లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) కొనసాగుతుంటే తెల్లకణాలు మరింత తరచుగా విభజన చెందవలసి వస్తుంది, ఆ మేరకు కొనలూ త్వరగా అరుగుతాయి. ఆకుకూరల్లో దొరికే ఫోలేట్ అనే బి విటమిన్ తగ్గితే డీఎన్ఏ మరమ్మతులోనే తప్పులు దొర్లుతాయి. ఈ మూడు దారుల్లో ఆహారం టెలోమియర్‌ను చేరుతుంది. అయితే ఒక మనిషి టెలోమియర్ పొడవులో అధిక భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చినదే. ఆహారం మార్చగలిగేది మిగిలిన కొద్ది భాగాన్నే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో ఐదు ప్రమాణాలు ముఖ్యం. మొదటిది ఆధారం ఎంత గట్టిది అన్నది. ఫలానా ఆహారం తినేవారికి టెలోమియర్లు పొడవుగా ఉన్నాయని గమనించడం వేరు, మనుషులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి ఒక జట్టుకు ఆ ఆహారమిచ్చి ఏళ్ల తరబడి కొలవడం వేరు. మొదటి రకం అధ్యయనాల్లో, బాగా తినేవారు పొగ తాగకపోవడం, ఎక్కువ నడవడం, ఎక్కువ చదువుకుని ఉండడం వంటివన్నీ కలగలిసిపోతాయి. రెండవది, టెలోమియర్ మాట ఎలా ఉన్నా, చక్కెర వ్యాధికి, రక్తపోటుకు, గుండెకు ఆ మార్గం మేలు చేస్తుందా అన్నది. టెలోమియర్ వాదన రేపు వీగిపోయినా ఈ మేలు మిగులుతుంది కనుక, ఐదింటిలోనూ నేను దీనికే ఎక్కువ బరువు ఇస్తాను. మిగిలిన మూడూ ఖర్చు, పదేళ్లు నిలుపుకోగలగడం, హాని.

హాని గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. పొడవైన టెలోమియర్ అంటే పూర్తిగా మంచిదే అనుకోవడం పొరపాటు. జన్యురీత్యా టెలోమియర్లు పొడవుగా ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు తక్కువే కానీ, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఎక్కువని 2017లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ చూపింది. క్యాన్సర్ కణాల్లో నూటికి 85 నుంచి 90 వంతులు టెలోమరేజ్‌ను తిరిగి పనిలోకి తెచ్చుకునే బతుకుతాయి. కాబట్టి మన లక్ష్యం కొనలను పొడిగించుకోవడం కాదు, అనవసరంగా అరగనీయకపోవడం.

| మార్గం | టెలోమియర్ విషయంలో ఆధారం | ఇతర ఆరోగ్య లాభం | ఖర్చు | నిలుపుకోవడం |
|---|---|---|---|---|
| సంగటి, ఉలవలు, ఆకుకూరలు, వేరుశెనగలు | నేరుగా తక్కువ. పదార్థాల రీతిని బట్టి అనుకూలం | బాగుంది, పాళ్లు కుదిరితేనే | తక్కువ | సులభం |
| మధ్యధరా ఆహారం | గమనించిన అధ్యయనాలు బలంగా ఉన్నాయి | చాలా బలమైనది | ఎక్కువ | కష్టం |
| ఒక్కపొద్దు, తక్కువ తినడం | రెండేళ్లలో తేడా తేలలేదు | బరువున్నవారికి మంచిది | లేదు | మనిషిని బట్టి |
| మాత్రలు | విటమిన్ డికి కొంత. మిగిలినవాటికి బలహీనం | లోపం ఉన్నవారికే | మధ్యస్థం నుంచి చాలా ఎక్కువ | సులభం |

ఒకటి: మన పాత పళ్లెం

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో రెండు తరాల కిందట రాగి సంగటి, ఉలవచారు, పులగూర, ఊరిబిండి, మజ్జిగ అన్నవి పండగ వంటలు కావు, రోజువారీ తిండి. చలికాలంలో అనపగింజలు పితికి చేసే పితికిపప్పు దీనికి తోడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక వరి అన్నం అన్ని ఇళ్లకూ చేరింది. ఆకలి తీరినందుకు దాన్ని తప్పుపట్టలేము. అయితే ఆ దారిలోనే రాగులూ ఉలవలూ పళ్లెం నుంచి తప్పుకున్నాయి.

ఈ పళ్లెంపై నేరుగా టెలోమియర్ కొలిచిన ప్రయోగం ఏదీ చూపి నేను మిమ్మల్ని ఒప్పించబోవడం లేదు. కానీ ఇతర దేశాల అధ్యయనాల్లో పొడవైన టెలోమియర్లతో కలిసి కనిపించిన పదార్థాలను వరుసగా పేర్చి చూస్తే, పీచుపదార్థం, పప్పుదినుసులు, గింజలు, ఆకుకూరలు, కూరగాయలు అని వస్తుంది. ఆ జాబితాకు మన ఊరి పేర్లు పెడితే పై పేరాలోని వంటలే.

అయితే పాత పళ్లెం పేరుతో చెలామణి అయ్యే అతిశయోక్తులను కూడా పక్కకు పెట్టాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి, తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములకు మించదు, కాల్షియం లెక్కలోకి రాదు. ఇంతవరకు నిజమే. కానీ రాగుల్లో మాంసకృత్తులు ఏడు గ్రాములే, బియ్యం కంటే ఎక్కువేమీ కాదు. ఆ లోటు తీర్చేవి వంద గ్రాములకు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్న ఉలవలూ, వాటి పక్కన అలసందలూ, కందిపప్పూ. అంటే పళ్లెంలో పప్పుదినుసు లేని సంగటికి సగం బలమే.

మరో చిక్కు పిండిలో ఉంది. మెత్తగా ఆడించిన రాగి పిండి, బాగా ఉడికిన బియ్యపు నూక కలిసిన సంగటి రక్తంలో చక్కెరను నెమ్మదిగానే పెంచుతుందన్న భరోసా లేదు. మా ఇంట్లో అమ్మ ఒక పాలు నూకకు రెండు పాళ్ల పిండి వేసేది. హోటళ్లలో చాలాచోట్ల ఈ పాళ్లు తిరగబడి ఉంటాయి, అది రాగి రంగు వేసిన అన్నం మాత్రమే. రెండు ముద్దలు తినే చోట ఒక ముద్ద తీసేసి ఆ జాగాను పులగూరకూ ఉలవలకూ ఇస్తేనే ఈ మార్గం పనిచేస్తుంది.

ఫైటేట్‌ల విషయం కూడా ఉంది. తిరుపతి స్విమ్స్ వైద్యులు తమ ప్రాంతపు ఆరోగ్యవంతులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో మూడు విషయాలు తేలాయి: ఆహారంలో కాల్షియం తక్కువ, కాల్షియాన్ని ఒంటికి పట్టనీయని ఫైటేట్‌లు ఎక్కువ, ఏడాది పొడవునా ఎండ కాసే ఈ ఊళ్లో సైతం విటమిన్ డి లోపం విస్తారం. రాగుల్లోనూ ఫైటేట్‌లు ఉంటాయి. రాగులను మొలకెత్తించి పిండి పట్టించడం, అంబలిని రాత్రంతా పులియనివ్వడం వల్ల అవి తగ్గుతాయి. పాతవారు రుచి కోసం చేశారో అలవాటుగా చేశారో గానీ ఆ పద్ధతి సరైనదే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీల పళ్లెంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు లేదా మాంసం, గుడ్లు కలిపి 85, కూరగాయలూ ఆకుకూరలూ 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. మన ఇళ్లలో ఒకరోజు తూచి చూస్తే ధాన్యం ఈ లెక్కను చాలా దాటుతుంది, కూరగాయలు సగానికీ చేరవు. పాత పళ్లెమైనా కొత్త పళ్లెమైనా సరిదిద్దవలసింది ముందు ఈ రెండింటినే.

రెండు: మధ్యధరా ఆహారం

మధ్యధరా సముద్ర తీర దేశాల తిండి రీతి ఇది: కూరగాయలు, పండ్లు, పప్పుదినుసులు, గింజలు, చేప, ఆలివ్ నూనె ఎక్కువ, మాంసం తక్కువ. ఆధారాల బలాన్ని మాత్రమే చూస్తే ఇదే ముందుంటుంది. అమెరికాలో నర్సులపై సాగిన దీర్ఘకాల పరిశీలనలో 4,676 మంది ఆరోగ్యవంతులైన మహిళల రక్తాన్ని పరీక్షించగా, మధ్యధరా రీతికి ఎంత దగ్గరగా తింటే టెలోమియర్లు అంత పొడవుగా ఉన్నట్లు 2014లో తేలింది. అదే అధ్యయనంలో ఆ ఆహారాన్ని విడివిడి భాగాలుగా చేసి చూసినప్పుడు, ఏ ఒక్క పదార్థానికీ టెలోమియర్ పొడవుతో స్పష్టమైన సంబంధం దొరకలేదు. మొత్తం పళ్లెం రీతికే ఆ సంబంధం ఉంది. ఆలివ్ నూనె సీసా ఒక్కటి కొని తెచ్చి ఇడ్లీ పొడిలో వేసుకునేవారు ఈ వాక్యాన్ని మరోసారి చదవాలి.

గుండె విషయంలో ఆధారం ఇంకా గట్టిది. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో, ఆలివ్ నూనె లేదా గింజలతో కూడిన మధ్యధరా ఆహారం తిన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి కొవ్వు తగ్గించమని సలహా పొందిన జట్టు కంటే సుమారు 30 శాతం తక్కువగా వచ్చాయి.

దీన్ని తిరుపతిలో యథాతథంగా పాటించాలంటే ఆలివ్ నూనెకు వేరుశెనగ నూనె కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఖర్చు పెట్టాలి. వాల్‌నట్లు, బాదంపప్పు కూడా అంతే. కానీ రీతిని తీసుకుని పదార్థాలు మార్చుకోవచ్చు. వేరుశెనగ నూనెలో దాదాపు సగం, ఆలివ్ నూనెలో మెజారిటీగా ఉండే ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వే. పోషకాల లెక్కలో గుప్పెడు వేయించిన వేరుశెనగలు బాదంకు చాలా దగ్గరి బంధువులు. చేపల్లో సముద్రపు కానాగంతలు, కవళ్లు ఒమేగా-3 అనే కొవ్వు విషయంలో సాల్మన్‌తో పోటీ పడతాయి, ధర మాత్రం సామాన్యుడిది. వేరుశెనగ నూనెలో ఒమేగా-3 దాదాపు లేదు కాబట్టి చేప తిననివారు రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి కలుపుకోవడం మంచిది. అయితే అవిసెలోని ఒమేగా-3 చేపలోని రూపంలోకి మారేది చాలా కొద్దిగా మాత్రమే. శాకాహారులు ఈ మార్గంలో ఒప్పుకోక తప్పని రాజీ ఇది.

మూడు: ఒక్కపొద్దు, తక్కువ తినడం

శనివారం ఒక్కపొద్దు ఈ ఊరికి కొత్త కాదు. ఇప్పుడు దానికే పదహారు గంటల ఉపవాసమని పేరు మార్చి ఫోన్లలో గంటలు లెక్కపెడుతున్నారు. ఎలుకల్లో తక్కువ తిండి ఆయువును పెంచుతుందన్నది చాలా కాలంగా తెలిసిన సంగతి. మనుషులపై అమెరికాలో రెండేళ్ల ప్రయోగం జరిగింది. కేలరీలను 25 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకోగా, సగటున సుమారు 12 శాతమే తగ్గించగలిగారు. టెలోమియర్ల లెక్క ఇంకా ఆసక్తికరం. బరువు తగ్గుతున్న మొదటి ఏడాది వారి టెలోమియర్లు మామూలుగా తిన్నవారి కంటే వేగంగా తరిగాయి, బరువు నిలకడ పొందిన రెండో ఏడాది నెమ్మదిగా తరిగాయి, చివరికి రెండు జట్లూ దాదాపు ఒకచోటే నిలిచాయి. రెండేళ్లలో తేడా తేలలేదు కాబట్టి టెలోమియర్ పేరు చెప్పి ఉపవాసం ఉండమనడం ఇప్పటికి తొందరపాటే.

పొట్ట పెరిగి, చక్కెర అంచున ఉన్నవారికి సాయంత్రం ఏడు తర్వాత తినకపోవడం మేలు చేస్తుంది, కారణం మొత్తం తిండి తగ్గడమే. మన ఒక్కపొద్దులో లోపం మరోచోట ఉంది: పగలంతా ఆకలితో ఉండి రాత్రి పలహారం పేరుతో నాలుగు దోసెలు, ఉప్మా, చివర్లో కేసరి. అన్నం మానాం అనుకుంటాం గానీ బియ్యం, రవ్వ, చక్కెర రెట్టింపయ్యాయి. ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు వాడేవారు వైద్యుడిని అడగకుండా ఒక్కపొద్దు ఉంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

నాలుగు: మాత్రలు, పరీక్షలు

అన్ని మాత్రలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. విటమిన్ డి విషయంలో అమెరికాలో వెయ్యి మందికి పైగా యాభై దాటినవారిపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2025లో వచ్చాయి. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున నాలుగేళ్లు తీసుకున్నవారి టెలోమియర్లు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే తక్కువగా తరిగాయి. అదే ప్రయోగంలో చేపనూనె మాత్రలతో చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. అంతకు ముందు, 2010లో, రక్తంలో ఒమేగా-3 ఎక్కువగా ఉన్న గుండె రోగుల్లో టెలోమియర్లు నెమ్మదిగా తరిగాయని గమనించిన అధ్యయనం చూసి చాలామంది ఈ మాత్రలు మొదలుపెట్టారు. గమనించడానికీ ప్రయోగానికీ తేడా మొదట్లో ఎందుకు చెప్పానో ఇక్కడ కనిపిస్తుంది.

స్విమ్స్ అధ్యయనం గుర్తుంటే, మన ప్రాంతంలో విటమిన్ డి కొలిపించుకోవడం అర్థవంతమైన పనే. లోపముంటే వైద్యుడు చెప్పిన మోతాదు వాడాలి. వారానికొకసారి వేసుకోమని ఇచ్చే 60,000 యూనిట్ల సాచెట్లను పొరుగువారి చీటీ చూసి రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. తిరుపతి ఎండలో చర్మం విటమిన్ డి బాగా తయారు చేసేది పగలు పదకొండు నుంచి రెండు వరకు. ఉదయపు లేత ఎండ హాయినిస్తుంది, విటమిన్ డి మాత్రం పెద్దగా ఇవ్వదు.

టెలోమరేజ్‌ను మేల్కొల్పుతామంటూ అమ్మే మూలికా మాత్రల సంగతి వేరు. ఇలాంటి ఒక ఉత్పత్తి అమ్మకందారు వయసును వెనక్కి తిప్పుతామన్న ప్రచారానికి ఆధారం లేదని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ 2018లో చర్య తీసుకుంది. క్యాన్సర్ గురించి పైన చెప్పినది కూడా తోడైతే, ఈ మాత్రలను నేను ఎవరికీ సూచించలేను. టెలోమియర్ పొడవు పరీక్ష కూడా ఇప్పటికి అక్కరలేని ఖర్చు. ఏడాదిలో తరిగే 20, 40 జతల కంటే పరీక్షలో వచ్చే హెచ్చుతగ్గులే ఎక్కువ. నిరుడు కొలిచి ఈ ఏడాది కొలిస్తే కనిపించే తేడా చాలావరకు ల్యాబుదే. ఆ డబ్బుతో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర), రక్తపోటు, కొలెస్టరాల్, విటమిన్ డి, బి12 చూపించుకోవచ్చు.

తీసేయవలసినవి

ఏ మార్గం ఎంచుకున్నా తీపి పానీయాలను మాత్రం మినహాయించలేము. అమెరికాలో 5,309 మందిని పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, రోజుకు సుమారు 600 మిల్లీలీటర్ల చక్కెర కలిపిన సోడా తాగేవారి టెలోమియర్లు దాదాపు నాలుగున్నర ఏళ్ల అదనపు ముదిమితో సమానంగా కురచగా కనిపించాయి. చిత్తూరు తోతాపురి గుజ్జు చేరే సీసా మామిడి పానీయాల్లో కూడా చక్కెర కలుపుతారు. కాబట్టి తోటలో కోసిన మామిడికాయతో దాన్ని సమానంగా చూడకూడదు. బెల్లం కూడా చక్కెరే, మన జిల్లా బెల్లం ఎంత మంచిదైనా సరే. శ్రీవారి లడ్డూ విషయంలో ఎవరికీ సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు. నలుగురికి పంచుకుని తినడం ఎలాగూ ఆచారమే.

ఎవరికి ఏది

చక్కెర వ్యాధి ఉన్నవారికి మొదటి మార్గమే, కానీ సగం సంగటితో. ముద్ద చిన్నది చేసి, మొదట పులగూర, ఉలవలు తిని, తర్వాత ముద్ద తినడం మంచిది. రాగి జావలో బెల్లం వేసుకుంటే ఈ కష్టమంతా వృథా.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ నాలుగింటిలో ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆకుకూరల్లోని పొటాషియం, పప్పుల్లోని మాంసకృత్తులు, విటమిన్ డి మోతాదు అన్నీ వారికి వైద్యుడు లెక్కగట్టి చెప్పవలసినవే.

అరవై ఐదు దాటి బక్కగా ఉన్నవారికి ఒక్కపొద్దు పనికిరాదు. వారి అసలు సమస్య కండ తరగడం. సంగటితో పాటు గుడ్డు, చేప, పెరుగు, పప్పు పెంచడం వారికి ఏ టెలోమియర్ లెక్క కంటే ముఖ్యం. పళ్లు లేనివారికి మొలకెత్తిన రాగి జావలో మజ్జిగ కలిపి ఇవ్వడం తేలిక.

రక్తహీనత ఉన్న మహిళలు రాగుల్లోని ఇనుముపై మాత్రమే ఆధారపడకూడదు, అది ఒంటికి పట్టేది తక్కువ. ఉసిరి, నిమ్మ, జామ భోజనంతో పాటు తినాలి, కాఫీ, టీ భోజనానికి గంట దూరంగా ఉంచాలి.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, వంటకు గంట దొరకని చోట, మధ్యధరా రీతిని మన సరుకులతో పాటించడం నాకు ఎక్కువ నచ్చిన దారి. ఆదివారం ఉలవలు, అలసందలు నానబెట్టి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుని, వారంలో రెండుసార్లు చేప, రోజూ గుప్పెడు వేరుశెనగలు, సాయంత్రం ఒక పెద్ద గిన్నె కూర, పక్కన కొద్దిగా అన్నం ఉంటే చాలు. అన్నం పూర్తిగా మానవలసిన అవసరం ఎవరికీ లేదు.

మొదలు ఎక్కడ పెట్టాలో తోచనివారు వచ్చే వారం రోజుల పాటు మధ్యాహ్నం ఒక పూట మాత్రం తాము తినే అన్నంలో మూడో వంతు తీసి, ఆ చోట ఉడికిన ఉలవలో అనపగింజలో వేసుకుని, మిగిలిన పూటలు ఎప్పటిలా తిని చూడవచ్చు. తర్వాత ఆకుకూర, ఆ తర్వాత చేప లేదా అవిసె. విటమిన్ డి పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించుకోవచ్చు, దానికి ఆగవలసిన పని లేదు.